మొదటిరోజు నాకు చేపను అమ్మని దుకాణం

ఐదుకు నాలుగు నక్షత్రాలు. ఒకటి ఎందుకు తగ్గించానో తర్వాత చెబుతాను.

నేను సరూర్‌నగర్‌లో ఇంట్లోనే జాకెట్లు కుడతాను. మా అబ్బాయి చదువుకోసం వరంగల్ హాస్టలుకు వెళ్తూ తన ఫ్లవర్‌హార్న్ చేపను నాకు అప్పగించాడు. కుట్టుమిషను పక్కనే దాని తొట్టి. ఎర్రటి ఒళ్లు, నుదుటి మీద నిమ్మకాయంత బుడిపె. నేను కుర్చీలో కూర్చుంటే చాలు, అద్దం దగ్గరికి వచ్చి నిలబడుతుంది. దానికి జోడి తెద్దామని కిందటేడు వేరే దుకాణానికి వెళ్లాను. ఆడచేపను సంచిలో వేసి ఇస్తూ "తొట్టిలో వదలండి, అవే కలిసిపోతాయి" అన్నారు. సాయంత్రం వదిలాను. తెల్లవారేసరికి ఆడచేప ఒక మూలకు ఒరిగి ఉంది. తోక, రెక్కలు పీలికలైపోయాయి. మధ్యాహ్నానికి చనిపోయింది. రెండు రోజులు నేను మిషను ముందు కూర్చోలేకపోయాను.

ఆ తర్వాత ఎవరో చెబితే మలక్‌పేటలోని ఈ దుకాణానికి వచ్చాను. మెట్రో దిగి ఐదు నిమిషాలు నడవాలి. సందు ఇరుకు, లోపల వెలుతురు తక్కువ. దుకాణం నడిపే అబ్బాయికి ముప్పై ఏళ్లుంటాయేమో. నేను ఆడచేప కావాలనగానే ధర చెప్పలేదు. మగచేప పొడవెంత, తొట్టి ఎన్ని అడుగులు, నీళ్లు బోరువా నల్లావా అని వరసగా అడిగాడు. చివరికి "మధ్యలో అడ్డు ఉందా అమ్మా?" అన్నాడు. లేదన్నాను. "అయితే ఈరోజు చేప ఇవ్వను. అడ్డు బిగించుకుని రండి" అన్నాడు.

ఆ రోజు అతను పావుగంట నిలబడి చెప్పినది నాకు ఎవరూ చెప్పలేదు. ఈ జాతి మగచేప తొట్టి మొత్తాన్ని తన ఇలాకా అనుకుంటుంది. ఆడచేప గుడ్లకు సిద్ధంగా లేనప్పుడు లోపలికి వస్తే, మగచేప కంటికి అది ఆడచేప కాదు, చొరబడిన శత్రువు. వీటి పూర్వీకులు మధ్య అమెరికా నదుల్లో, చెరువుల్లో ఉండేవి. అక్కడ తరిమితే ఆడచేప ఈదుకుంటూ దూరంగా పోతుంది. నాలుగడుగుల అద్దం పెట్టెలో ఎక్కడికి పోతుంది? నా మొదటి ఆడచేప తప్పేమీ లేదని అప్పుడు అర్థమైంది.

ఇంకో మాట కూడా ముందే చెప్పాడు. ఫ్లవర్‌హార్న్ దేవుడు చేసిన జాతి కాదట. 1990లలో మలేషియాలో రకరకాల సిక్లిడ్ చేపలను కలిపి పుట్టించారు. అందుకే చాలా మగచేపలకు సంతానం కలగదు. "మీ దానికీ కలగకపోవచ్చు, ఆ తర్వాత నన్ను అనకండి" అన్నాడు. అమ్ముకునేవాడు ఇలా చెప్పడం నేను చూడలేదు.

ట్యూబ్‌లైట్ల కింద బిగించే గళ్ల ప్లాస్టిక్ పలకను కొలతకు కోసి ఇచ్చాడు, 350 రూపాయలు. వారం తర్వాత ఆడచేప ఇచ్చాడు, 600. దాన్ని తడి చేతిలో వెల్లకిలా తిప్పి, పొట్ట కింది రంధ్రం ఆకారం చూపించి, ఇది ఆడదేనని నిరూపించాకే సంచిలో వేశాడు. మగచేప లేకపోయినా ఆడది గుడ్లు పెడుతుంది కాబట్టి, గుడ్లు కనిపించగానే సంబరపడవద్దని కూడా అన్నాడు.

పదహారు రోజులు అటు ఒకటి, ఇటు ఒకటి. హీటరు 28 డిగ్రీల దగ్గర ఉంచాను. మొదట్లో మగచేప గళ్లకు ముక్కు గుద్దుకునేది. తర్వాత రెండూ అడ్డు దగ్గర ఒళ్లు వణికిస్తూ నిలబడటం, ఆడచేప అడుగున పెట్టిన నల్లరాయి పలకను నోటితో శుభ్రం చేయడం మొదలైంది. దాని పొట్ట కింద చిన్న గొట్టం బయటికి వచ్చింది. ఫోటో పంపితే రాత్రి పదింటికి ఫోన్ చేసి "రేపు అడ్డు తీయండి, కానీ పక్కనుంచి లేవకండి" అన్నాడు.

అడ్డు తీశాక రెండూ నోళ్లు కరిచి పట్టుకుని ఒకదాన్నొకటి లాక్కున్నాయి. నా గుండె ఆగినంత పనైంది. అయితే అతను ముందే చెప్పాడు: ఇద్దరూ పట్టుకుంటే పరవాలేదు, ఒకటే తరుముతూ రెండోది మూల వెతుక్కుంటుంటే వెంటనే అడ్డు దించండి అని. అరగంటలో సద్దుమణిగింది. ఆడచేప పలక మీద వరసలు వరసలుగా గుడ్లు పెడుతుంటే మగచేప వెనకే సాగింది. సాయంత్రం అడ్డు దించేశాను.

మర్నాటికి గుడ్లన్నీ సున్నంలా తెల్లబడ్డాయి, అంటే వాటిలోంచి పిల్లలు రావు. నేను ఏడ్చాను. అతను మాత్రం మగచేప వయసు తక్కువైతే మొదట్లో గుడ్లు ఫలించకపోవచ్చని, ఇంకో రెండుసార్లు చూడమని చెప్పాడు. కొత్త చేప కొనమని అనలేదు. మూడు వారాల తర్వాత రెండోసారి పెట్టిన గుడ్లలో కొన్ని తేనె రంగులోనే నిలిచాయి. మూడో రోజు పలక మీద సన్నటి తోకలు కదిలాయి. ఉప్పునీటిలో పొదిగించే ఆర్టీమియా అనే బుల్లి రొయ్యల గుడ్ల పొట్లం ఈ దుకాణంలోనే కొన్నాను. పిల్లలు ఈదడం మొదలుపెట్టాక అదే తిండి.

ఇక ఆ తగ్గించిన నక్షత్రం. దుకాణం ముందు వరుసలో పెద్ద ఫ్లవర్‌హార్న్‌లను అడుగు వెడల్పు పెట్టెల్లో ఉంచారు, వెనక్కి తిరగడానికి కూడా చోటు లేదు. అడిగితే "అమ్ముడయ్యేదాకానే అమ్మా" అన్నాడు. అమ్ముడయ్యేదాకా అంటే నెలలు కావచ్చు. ఇంత తెలిసినవాడు అలా ఉంచడం నాకు నచ్చలేదు, అతనికే చెప్పాను. వెళ్లేవారు శుక్రవారం మధ్యాహ్నం వెళ్లకండి, మూసి ఉంటుంది.

ఇప్పటికి నలభై మూడు పిల్లలు బతికాయి. అప్పుడే ఒకదాన్నొకటి తరుముకుంటున్నాయి. అంగుళం దాటాక తనే తీసుకుంటానని దుకాణం అబ్బాయి అన్నాడు. సంక్రాంతి సెలవులకు మా వాడు వచ్చి చూశాకే ఇస్తానని చెప్పి వచ్చాను.