3,42,618 కిలోమీటర్లు తిరిగిన మా ఇన్నోవా: వాడకం, అమ్మకం

2025 ఫిబ్రవరిలో మా ఇన్నోవాను అమ్మేశాను. 2011 జూన్‌లో హనుమకొండలో కొన్న బండి. 2.5 లీటర్ల డీజిల్ ఇంజన్, 8 సీట్లు, ఏపీ 36 నంబర్, మొదటి నుంచీ ఒక్కరి పేరు మీదే ఉంది. తాళాలు ఇచ్చిన రోజు మీటర్‌లో 3,42,618 ఉంది. 4,60,000 రూపాయలు వచ్చాయి. బాగా తిరిగిన ఫ్యామిలీ బండిని ఇంటి ముందు పెట్టుకుని, దీన్ని ఎవరు కొంటారా అని టెన్షన్ పడుతున్నవాళ్ళకు పనికొస్తుందని కొంచెం వివరంగానే రాస్తున్నాను.

అన్ని కిలోమీటర్లు ఎందుకు తిరిగిందో ముందు చెప్పాలి. నాది విత్తనాల వ్యాపారం. వారంలో నాలుగు రోజులు పరకాల, భూపాలపల్లి, ములుగు వైపు తిరగాల్సిందే. ఇంట్లో అప్పుడు ఎనిమిది మందిమి. వేములవాడకైనా, కొమురవెల్లికైనా, కాళేశ్వరానికైనా ఒకే బండిలో పోయి వచ్చేవాళ్ళం. 2012 నుంచి 2024 దాకా ఏడు మేడారం జాతరలు చూసింది ఆ బండి. పస్రా దాటాక గంటకు కిలోమీటరు కూడా కదలని ట్రాఫిక్‌లో, వెనక సీట్ల మధ్య బంగారం (అమ్మవార్లకు ఇచ్చే బెల్లం) బుట్టలతో, ఏసీ ఆపకుండా నిలబడింది. తర్వాత బాపుకు (మా నాన్నకు) ఒంట్లో బాగా లేకుండా పోయింది. మూడేళ్ళ పాటు నెలకు రెండు మూడు సార్లు హైదరాబాద్ ప్రయాణం, పోను 145, రాను 145. మధ్య సీటు వెనక్కి వాల్చి, దిండు పెట్టి పడుకోబెడితే జనగామ దాకా కదలకుండా నిద్రపోయేవారు. ఎడమవైపు డోర్ మీద పట్టుకునే పిడి బాపు చేతి రాపిడికి నున్నగా అయిపోయింది. అమ్మే ముందు చిన్న చిన్నవి మార్పించాను కానీ ఆ పిడి మార్చలేదు.

ఇక బండి సంగతి. రోడ్డు మీద కూర్చోబెట్టినట్టు పోతుంది, బరువు పడినకొద్దీ ఇంకా నిమ్మళంగా పోతుంది. ఊళ్ళో ఏసీ వేసి తిరిగితే లీటరుకు 11, హైదరాబాద్ రోడ్డు మీద 80 దాటకుండా నడిపితే 14. మొత్తం మీద సగటు పన్నెండున్నర పడింది. ఆ లెక్కన 27 వేల లీటర్లకు పైగా డీజిల్ తాగింది. కొన్న కొత్తలో లీటరు 50 రూపాయల లోపు ఉండేది, అమ్మేనాటికి 95 దాటింది. డీజిల్ ఖర్చు బండి ఖర్చును ఎప్పుడో మించిపోయింది. లోటు అంటే ఒకటే. ఎనిమిది మంది కూర్చుంటే సామాన్లకు చోటు ఉండదు, పైన క్యారియర్ కట్టాల్సిందే. వెనక సీట్లో పెద్దవాళ్ళు గంటకు మించి కూర్చోలేరు, అది పిల్లల సీటు.

ఇంజన్ విప్పలేదు. బోర్ పని (అరిగిన సిలిండర్లను సరిచేయించడం) చేయించలేదు. మూడు లక్షల నలభై వేల తర్వాత కూడా నడుస్తున్న ఇంజన్ మీద ఆయిల్ మూత తీసి చూస్తే పొగ తన్నేది కాదు. క్లచ్ సెట్ రెండు సార్లు మార్పించాను, 1,48,000 దగ్గర ఒకసారి, 2,91,000 దగ్గర ఇంకోసారి. 2,64,000 దగ్గర పొద్దున స్టార్టింగ్ ఇబ్బంది పెడితే నాలుగు ఇంజెక్టర్లూ బాగు చేయించాను. ఒక బంకులో పోయించుకున్న డీజిల్‌లో నీళ్ళు కలిసి ఉండటం వల్ల వచ్చిన తిప్పలు అవి. టైర్లు 50 వేల కిలోమీటర్లకు ఒక సెట్టు. ములుగు వైపు గుంతల రోడ్లకు కింద బుష్‌లు, షాకర్లు అరిగాయి, వాటి లెక్క వేరు. అన్నిటికంటే ముఖ్యమైనది టైమింగ్ బెల్ట్. ఈ ఇంజన్‌లో చైన్ ఉండదు, రబ్బరు బెల్ట్ ఉంటుంది. అది తెగితే వాల్వులు పిస్టన్‌లకు తగిలి ఇంజన్ మొత్తం పోతుంది. తెగే ముందు చప్పుడు చేస్తుందన్న నమ్మకం లేదు. అందుకే లక్ష కిలోమీటర్లు నిండకముందే మార్పించేవాణ్ణి: 98,000, 1,97,000, 2,96,000.

ఈ అంకెలన్నీ నాకు గుర్తుండి రాయడం లేదు. బండి కొన్న రోజే బాపు డాష్‌బోర్డ్‌లో ఒక లాంగ్‌సైజ్ నోట్‌బుక్ పెట్టారు. డీజిల్ పోయించిన ప్రతిసారీ తేదీ, మీటర్, లీటర్లు. రిపేర్ అయితే ఎర్ర ఇంకు. మొదటి పుస్తకం 2018లో నిండింది, రెండోది సగంలో ఉంది. బాపు పోయాక నేను రాస్తూ వచ్చాను.

ఇప్పుడు ఇంట్లో నలుగురమే. తమ్ముడి కుటుంబం హైదరాబాద్‌లో స్థిరపడింది. బండి వారంలో అయిదు రోజులు గేటు లోపలే ఉండేది. పైగా సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళకే, మాది 2026 జూన్ దాకానే. ఆ తర్వాత ఫిట్‌నెస్ చేయించి అయిదేళ్ళకు రెన్యువల్ చేయించుకోవాలి. నేను అమ్మేనాటికి 15 ఏళ్ళు దాటిన కారుకు ఆ ఫీజే 5,000 ఉండేది, గ్రీన్ ట్యాక్స్ వేరే. ఏడాదికి పైగా గడువు ఉండగా అమ్మితేనే రేటు వస్తుందని తెలుసు. అయినా ఆర్నెల్లు మనసు రాక ఆగాను.

అమ్మకానికి ముందు నేను చేసిన పెద్ద పొరపాటు ఆర్సీ సరిగ్గా చదువుకోకపోవడం. లోను 2016లోనే తీరిపోయింది కానీ ఆర్సీ మీద బ్యాంకు పేరు అలాగే ఉంది. అప్పిచ్చిన బ్యాంకు ఈలోపు ఇంకో బ్యాంకులో కలిసిపోయింది. పాత లోను ఫైలు ఏ బ్రాంచిలో ఉందో పట్టుకుని, అప్పు తీరిందనే ఎన్ఓసీ, ఆర్సీ మీద బ్యాంకు పేరు తీయించే ఫారం 35 తీసుకునేసరికి ఇరవై రోజులు పట్టింది. లోను తీరిన వారంలోనే ఆ పని చేసుకుని ఉంటే ఒక పూట పని. మీ బండి మీద లోను ఎప్పుడో తీరిపోయిందనుకుంటే ఇవాళే ఒకసారి ఆర్సీ తీసి చూడండి.

డెంటింగ్, పెయింటింగ్ చేయించమని చాలామంది చెప్పారు. చేయించలేదు, అది మంచి నిర్ణయం. పాత బండి మీద కొత్త పెయింట్ కనబడగానే కొనేవాడికి ఎక్కడో గుద్దిందనే అనుమానం వస్తుంది. చిన్న చిన్నవి మాత్రం సరిచేయించాను: ఏసీ గ్యాస్, వైపర్ బ్లేడ్లు, వెనక డోర్ లాక్, స్టెప్నీకి గాలి. పొల్యూషన్ సర్టిఫికెట్ కొత్తది తీసుకుని, రెండు పాత చలాన్లు కట్టేశాను. లోపల శుభ్రం చేయడం నేనూ మా ఆవిడా రెండు రోజులు చేశాం. వెనక సీటు కింద మ్యాట్ ఎత్తితే రాయిలా గట్టిపడిన బెల్లం ముక్క దొరికింది, దానికి ఒక పసుపు అక్షింత అంటుకుని ఉంది. ఏ జాతరదో తెలియదు. మా ఆవిడ దాన్ని తీసి దేవుడి అరలో పెట్టింది.

మొదట ఒక కార్ కన్సల్టెన్సీకి తీసుకుపోయాను. బండి చుట్టూ తిరిగి చూసి బాగుందన్నాడు. మీటర్ చూడగానే మొహం మారింది. "అన్నా, మూడు లక్షలు దాటిందంటే ఎవ్వడు ముట్టడు. 1,60,000కు తెద్దాం, గంట పని. నీకు మూడున్నర ఇప్పిస్త" అన్నాడు. మీటర్ తిప్పకుండా అయితే 3,10,000 అన్నాడు. సంతకాలు మాత్రం ఓనర్ పేరు మార్చే ఫారం 29, 30 మీద తేదీ, కొనేవాడి పేరు లేకుండా ముందే చేసి ఇవ్వాలట.

ఆ రెండు మాటలకూ నేను ఒప్పుకోలేదు. మీటర్ సంగతే చూడండి. 3,42,000ను 1,60,000 చేస్తే, ఆ నోట్‌బుక్‌లు కొన్నవాడికి ఇవ్వలేం. బెల్ట్ ఎప్పుడు మార్చారో తెలియక అతను వదిలేయవచ్చు. వాళ్ళ ఇంటివాళ్ళంతా ఎక్కి ఏ రాత్రో అడవి దారిలో పోతుండగా అది తెగితే? బాపును పడుకోబెట్టి తీసుకుపోయిన బండి అది. ఇంకో ఇంటి పెద్దమనిషి అదే సీట్లో పడుకుంటాడు. మీటర్ తిప్పడాన్ని వ్యాపారంలో మామూలే అనేవాళ్ళు చాలామంది ఉన్నారు. అది మామూలు కాదు, మోసం.

ఖాళీ ఫారాల మీద సంతకం కూడా అంతే ప్రమాదం. బండి ఎవరి చేతిలో ఉన్నా ఆర్సీలో ఉన్న పేరే ఓనర్. అమ్మేసినా పేరు మారకపోతే, యాక్సిడెంట్ పరిహారానికి రికార్డుల్లో ఉన్న ఓనరే బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు కూడా తేల్చి చెప్పింది. కన్సల్టెన్సీ వాళ్ళు బండిని నెలల తరబడి పెట్టుకుని, చేతులు మార్చి అమ్మితే అన్నాళ్ళూ భారం మన నెత్తిన ఉంటుంది.

ఆన్‌లైన్‌లో కొనే ఒక కంపెనీ వాళ్ళు ఫోన్లో 3,60,000 అన్నారు. మనిషి ఇంటికి వచ్చి గంటన్నర ఫోటోలు తీసుకున్నాడు. సాయంత్రానికి 3,05,000 అయింది. కారణం అడిగితే కిలోమీటర్లు అన్నారు. అవి ఫోన్లో ముందే చెప్పిన కిలోమీటర్లే.

చివరికి ఆటోనగర్‌లో మా మెకానిక్‌కు చెప్పి ఊరుకున్నాను. పాత ఇన్నోవాకు గిరాకీ ఎక్కడుందో వాళ్ళకు తెలిసినంత ఎవరికీ తెలియదు. పది రోజులకు నర్సంపేట వైపు నుంచి ఒక రైతు ఫోన్ చేశాడు. యాభై ఏళ్ళు ఉంటాయి. నేనే చెప్పాను, "అన్నా, పొద్దున ఏడింటికి రండి, మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయను" అని. చెప్పిన టైముకు వచ్చాడు. పలకరించి, మాట్లాడుతూనే బానెట్ మీద అరచేయి ఆనించి చూశాడు. ఇంజన్ చల్లగా ఉంది. అప్పుడు స్టార్ట్ చేయమన్నాడు. ఒక్క సెల్ఫ్‌కు అందుకుంది. సైలెన్సర్ దగ్గర కూర్చుని పొగ రంగు చూశాడు, ఆయిల్ మూత తీసి బ్యాక్ కంప్రెషన్ (అక్కడ పొగ తన్నుతోందా అని) చూశాడు, డిప్‌స్టిక్ గుడ్డతో తుడిచి మళ్ళీ ముంచి వెలుతురులో పట్టుకుని చూశాడు. డోర్ల రబ్బర్లు లాగి లోపల వెల్డింగ్ జాడలు వెతికాడు. ఛాసిస్ నంబర్ ఆర్సీతో పోల్చుకున్నాడు. కొనేవాళ్ళు ఎవరైనా ఇలాగే చూడాలి.

మీటర్ దగ్గర ఆయనా ఆగాడు. "గింత తిరిగిందా తమ్మీ?" అన్నాడు. నేను రెండు నోట్‌బుక్‌లూ తెచ్చి చేతిలో పెట్టాను. గద్దె మీద కూర్చుని అరగంట చదివాడు. ఎర్ర ఇంకు లైన్ల మీద వేలు పెట్టుకుంటూ పోయాడు. బెల్ట్ దగ్గర ఆగి, "మూడు సార్లు మార్చినవా" అన్నాడు. తర్వాత బేరం పది నిమిషాల్లో అయిపోయింది. నేను 4,90,000 చెప్పాను, ఆయన 4,40,000 అడిగాడు, 4,60,000 దగ్గర కలిశాం. 20,000 బయానా ఇచ్చాడు.

కాగితాల దగ్గర నేను గట్టిగా ఉన్నాను, ఆయనా కాదనలేదు. ఆర్టీఏ స్లాట్ బుక్ చేసి ఇద్దరం కలిసి వెళ్ళాం. ఫారాల్లో పేర్లు, తేదీలు అన్నీ నిండిన తర్వాతే సంతకం పెట్టాను. మిగతా డబ్బు బ్యాంకులో పడ్డాకే తాళాలు ఇచ్చాను. డెలివరీ కాగితం మీద తేదీతో పాటు టైము కూడా రాయించాను, సాయంత్రం 5:40 అని. ఆ నిమిషం తర్వాత వచ్చే చలానా ఎవరిదన్న గొడవ ఉండదు. ఫాస్టాగ్ అదే రాత్రి మూసేయించాను, లేకపోతే కోమళ్ళ టోల్‌లో బండి దాటినప్పుడల్లా మన ఖాతాలో డబ్బు పోతుంది. ఇన్సూరెన్స్ పాలసీ 14 రోజుల లోపు కొన్నవారి పేరు మీదకు మార్చుకోవాలి. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మాత్రం బండితో పోదు, అది మనిషిది. నాకు 50 శాతం ఉంది, కంపెనీ నుంచి లెటర్ తీసుకున్నాను, మూడేళ్ళ లోపు ఇంకో కారు కొంటే వాడుకోవచ్చు. చాలామంది ఇది తెలియక వదిలేస్తారు. ఏపీ నంబర్ మారుతుందా అని కూడా ఆయన అడిగాడు. మారదు, అదే నంబర్ కొనసాగుతుంది. ఆర్సీ ఆయన పేరు మీదకు మారినట్టు ఆన్‌లైన్‌లో కనబడేదాకా నేను రోజూ చూసుకున్నాను.

పుస్తకాలు రెండూ బండితోనే ఇచ్చాను. మొదటి పేజీ మాత్రం ఫోటో తీసి పెట్టుకున్నాను, బాపు చేతిరాత ఉందని.

మొన్న మళ్ళీ ఫోన్ చేశాడు. కూతురిని కాలేజీలో దించడానికి హనుమకొండ వచ్చాడట, బండి బాగుందన్నాడు. "తమ్మీ, బెల్ట్ మళ్ల ఎప్పుడు?" అని అడిగాడు. 3,95,000 దగ్గర మార్పించమని చెప్పాను. "ఆగు, రాసుకుంట" అన్నాడు, ఫోన్లోనే పుస్తకం పేజీలు తిప్పిన చప్పుడు వినబడింది.