చెమ్మ నేలలో పాత పటాలు: మన ఫ్రేము షాపుల పనిపై సమీక్ష

ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ 1642లో వేసిన ‘నైట్ వాచ్’ పటం మీద 2019 నుంచి పెద్ద పరిశోధన నడుస్తోంది. 2024 నవంబరులో పాత వార్నిషు తీసే పని కూడా మొదలుపెట్టారు, సందర్శకుల కళ్లెదుటే, గాజు గదిలో. ఈ వార్తలన్నిటిలో గోదావరి జిల్లాలవాళ్లకు బాగా పనికొచ్చేది 2023 డిసెంబరులో బయటపడిన సంగతి. అడుగు పూత వేయకముందే రెంబ్రాంట్ ఆ కాన్వాసుకు సీసం కలిసిన నూనె పట్టించాడని, చిన్న రంగు తునకను ఎక్స్‌రేలతో పరీక్షించి కనిపెట్టారు. అప్పట్లో మామూలుగా పూసేది జంతువుల జిగురు. ఆ పటం వేలాడబోయేది కిటికీలకు ఎదురుగా ఉన్న బయటి గోడకు. చెమ్మకు జిగురు వదులవుతుందని ముందే ఆలోచించి ఆ పని చేసి ఉంటాడని పరిశోధకుల అంచనా.

సీసం విషం, ఆ పని ఎవరూ చేయకూడదు. కానీ బొమ్మ వేసేటప్పుడే గోడ గురించి ఆలోచించాడే, అది ముఖ్యం. మనకేమో గోడే పెద్ద శత్రువు. వానాకాలంలో డెల్టా గాలిలో తేమ 80 శాతం దాటి రోజుల తరబడి అలాగే ఉంటుంది. మ్యూజియాలు 40 నుంచి 60 శాతం మధ్య ఉంచాలని చూస్తాయి. 70 దాటిందంటే బూజు పట్టడానికి అనువైన గాలి అని అర్థం.

ఈ లెక్కన రాజమండ్రి, కాకినాడ, భీమవరం, అమలాపురం, పాలకొల్లు షాపుల్లో ‘పటం కట్టడం’ పేరుతో దొరికే పని ఎలా ఉందో చూద్దాం. ఇది ఏ ఒక్క షాపు గురించీ కాదు. సామాను, పద్ధతి ఇంచుమించు అన్నిచోట్లా ఒకటే.

ముందు మంచి మాట. మనవాళ్ల బీడింగు (పటం చుట్టూ వేసే ఫ్రేము పట్టీ) పని బాగుంటుంది. మూలల కోత 45 డిగ్రీలకు కచ్చితంగా కుదురుతుంది, అతుకులో వెలుతురు కనబడదు. టేకు బీడింగైనా సింథటిక్ బీడింగైనా కొలత తప్పరు. పొద్దున ఇస్తే సాయంత్రానికి పటం చేతికొస్తుంది. కొత్త ఫొటోకు, సర్టిఫికెట్టుకు ఇంతకంటే అక్కర్లేదు. తాతల నాటి రవివర్మ ప్రెస్సు ప్రింటుకో, ఇంట్లో ఎవరో వేసిన నీటిరంగుల బొమ్మకో, నూనెరంగుల చిత్తరువుకో మాత్రం ఈ పని సరిపోదు. చిత్రకారుడు దామెర్ల రామారావు (1897-1925) పుట్టిన సీమ ఇది. కుంచె పట్టినవాళ్లకు ఇక్కడ ఎప్పుడూ కొదవ లేదు, వాళ్ల బొమ్మలు ఇంకా మన గోడల మీద ఉన్నాయి.

షాపు పనిలోని లోపం ముందునుంచి కనబడదు. పటం తిప్పి, వెనక మేకులు తీసి చూడాలి. పైన 2 మిల్లీమీటర్ల గాజు. దానికి ఆనుకుని ప్రింటు. ప్రింటు వెనక గోధుమరంగు అట్ట, దాని వెనక హార్డ్‌బోర్డు, చుట్టూ మేకులు, మేకుల మీద బ్రౌన్ టేపు. పాతకాలపు పటాలైతే అట్ట బదులు కర్రపెట్టె పలక ఉంటుంది. ప్రింటును వెనక్కి తిప్పితే ఆ పలకలోని కణుపులు, చీలికలు అచ్చుగుద్దినట్టు కాగితం మీద గోధుమరంగులో దిగి ఉంటాయి. పలకలోని ఆమ్లం కాగితాన్ని నెమ్మదిగా మాడ్చేసిన గుర్తులవి. హార్డ్‌బోర్డు చేసేదీ అదే పని.

దానికంటే పెద్ద ముప్పు గాజుకు ఆనుకుని ఉండటం. రాత్రంతా ఏసీ నడిచిన గదిలో గాజు చల్లబడుతుంది. పొద్దున్నే తలుపులు తీయగానే బయటి తడిగాలి వచ్చి ఆ చల్లని గాజు మీద నీరుగా మారుతుంది. కొంత ముందువైపు, కొంత లోపలివైపు. లోపలి తడి ఎటూ పోలేక ప్రింటును గాజుకు అంటిస్తుంది. 1894లో మొదలైన రవివర్మ ప్రెస్సు ఓలియోగ్రాఫుల (నూనెరంగుల బొమ్మలా కనబడే అచ్చు ప్రింట్ల) మీద వార్నిషు పూత ఉండటంతో అవి ఇంకా తొందరగా అతుక్కుంటాయి. పాత ఫొటోల పైపొర జెలటిన్, తడి తగిలితే జిగురే. అతుక్కున్నదాన్ని షాపులో బ్లేడుతో లాగితే అమ్మవారి ముఖం గాజు మీద, కాగితం చేతిలో మిగులుతాయి. అతుక్కుంటే గాజుతో సహా అలాగే ఉంచేయాలి. జరీ, చమ్కీలు కుట్టిన పాత దేవుడి పటాలైతే కొత్త గాజు నొక్కుడుకు కుట్లు కాగితాన్ని చించేస్తాయి.

మరి షాపువాళ్లు మధ్యలో ఖాళీ ఎందుకు వదలరు? గాడి చాలక. మామూలు బీడింగు వెనక గాడి లోతు 8 నుంచి 10 మిల్లీమీటర్లే ఉంటుంది. పాత ప్రింటుకు కావలసింది లెక్కేద్దాం: గాజు 2, గాజుకు ప్రింటుకు మధ్య పట్టీ 3, ప్రింటు ఆనే అట్ట 1.5, వెనక షీటు 4. మొత్తం పదిన్నర. మేకు పట్టడానికి ఇంకాస్త చోటు కావాలి. అందుకే బీడింగు ఎంచుకునేటప్పుడు ముందున్న డిజైను కాకుండా వెనక గాడి చూడాలి, స్కేలు పెట్టి 12 మిల్లీమీటర్లకు తగ్గకుండా అడగాలి. అంత లోతున్న బీడింగు దొరక్కపోతే, వెనక మరో సన్నటి కర్ర పట్టీ బిగించి లోతు పెంచమంటే ఏ షాపులోనైనా చేస్తారు. మధ్య పట్టీని గాజు అంచున, బీడింగు చాటుకు కనబడకుండా అంటిస్తారు. పారదర్శకమైన యాక్రిలిక్ పట్టీ అయితే మేలు, థర్మాకోల్ ముక్క వద్దు.

వెనక షీటుకు మన ఊళ్లలో మంచి సరుకే దొరుకుతుంది. బోర్డులు రాసేవాళ్ల దగ్గరుండే సన్‌ప్యాక్ షీటు పాలీప్రొపిలీన్. చెమ్మ పీల్చదు, చెద తినదు, ఆమ్లం వదలదు. పేరు దగ్గరగా ఉందని సన్‌బోర్డు ఇస్తే ఒప్పుకోవద్దు. అది పీవీసీ, పాతబడేకొద్దీ కాగితానికి పడని ఆవిర్లు వదులుతుంది. చెక్కపొడితో చేసే ఎండీఎఫ్ బోర్డుతోనూ అదే బాధ.

ఇక అంటించడం. తెల్ల జిగురు పూసి ప్రింటును అట్టకు మొత్తంగా అతికించడం షాపుల్లో మామూలు, చూడటానికి ముడత లేకుండా సాపుగా ఉంటుంది కాబట్టి. ఆ జిగురు మళ్లీ ఊడిరాదు. కాగితం తేమకు సాగాలి, ఎండకు కుదించుకోవాలి. నాలుగు పక్కలా కట్టేస్తే మధ్యలో చిరుగుతుంది. సెల్లోటేపు జిగురు కాగితంలోకి దిగి పచ్చటి మరక చేస్తుంది. బైండింగువాళ్లు వాడే మైలుతుత్తం కలిపిన మైదా పేస్టు పురుగును ఆపుతుంది గానీ అందులోని రాగి కాగితాన్ని పెళుసు చేస్తుంది. సరైన పద్ధతి: పై అంచున రెండేచోట్ల, వెనకవైపు, జపాన్ టిష్యూ కాగితపు చిన్న ముక్కలు, గోధుమ పిండిపదార్థంతో కాచిన గంజితో. ప్రింటు వాటికి వేలాడుతుంది. నీళ్లతో తడిపితే ఊడొస్తుంది. ఆ కాగితం, గంజి మనమే తీసుకెళ్లి ఇవ్వాలి, షాపుల్లో ఉండవు. అవి కుదరకపోతే అంటించనే వద్దు. కాగితాన్ని ముక్కోణంగా మడిచి నాలుగు మూలలకు జేబుల్లా చేసి, ఆ జేబులను అట్టకు అంటించి, ప్రింటును వాటిలోకి దోపితే చాలు.

చుట్టూ వేసే బ్రౌన్ టేపు రెండు వానాకాలాలకు ఎండి లేస్తుంది, ఆ సందులోంచే కాగితం తినే సిల్వర్‌ఫిష్ పురుగు దూరుతుంది. దానికి బదులు ఏసీ పనివాళ్లు డక్టులకు వేసే అల్యూమినియం టేపు. గాజు, పట్టీ, ప్రింటు, షీటు అన్నీ ఒక కట్టగా పేర్చి, ఆ కట్ట అంచుల చుట్టూ ఈ టేపు వేసి, తర్వాత బీడింగులో కూర్చోబెట్టాలి. ఒక జాగ్రత్త ఉంది. జులైలో, తలుపులు తెరిచి ఉండే షాపులో ఇలా మూసేస్తే ఆ చెమ్మనే లోపల పెట్టి కట్టినట్టు. సామానంతా ఒక రోజు ఏసీ గదిలో విడివిడిగా పరిచి, గదిలో తేమ 55 శాతానికి దిగాక అక్కడే మూయాలి. ఈ ఒక్క పని ఇంట్లో చేసుకుని బీడింగు మాత్రం షాపులో వేయించుకోవడం మేలు.

తేమ తెలుసుకోవడానికి చిన్న డిజిటల్ మీటరు చాలు, కానీ చౌక మీటర్లు 5 శాతం అటూ ఇటూ చూపిస్తాయి. పరీక్ష తేలిక. సీసా మూతలో ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేంత నీళ్లు కలిపి, మీటరుతోపాటు జిప్ కవరులో పెట్టి 12 గంటలు వదిలేయాలి. లోపలి తేమ 75 శాతానికి వస్తుంది. మీటరు 70 చూపిస్తే ఎప్పుడు చూసినా ఐదు కలుపుకోవాలి. పటం వెనక సిలికాజెల్ పొట్లాలు కుక్కడం మాత్రం వృథా. గాలి ఆడే ఫ్రేములో అవి కొద్ది రోజుల్లోనే నిండిపోతాయి, ఆ తర్వాత ఉన్నా లేనట్టే.

గాజు విషయంలో డబ్బు ఎక్కడ పెట్టాలో చెప్పుకోవాలి. మామూలు గాజు అతినీలలోహిత (యూవీ) కిరణాలను చాలావరకు లోపలికి వదిలేస్తుంది. రెండు గాజుల మధ్య ప్లాస్టిక్ పొర ఉండే లామినేటెడ్ గాజు దాదాపు మొత్తం ఆపుతుంది, కిటికీల షాపుల్లో దొరుకుతుంది. కానీ బరువు చూడండి. రెండడుగులకు మూడడుగుల పటానికి 2 మిల్లీమీటర్ల గాజు సుమారు 2.8 కిలోలు, 3+3 లామినేటెడ్ 8 కిలోలు దాటుతుంది. సింథటిక్ బీడింగు మూలలు ఆ బరువుకు విచ్చుకుంటాయి. అదే కొలతకు 3 మిల్లీమీటర్ల యాక్రిలిక్ 2 కిలోలు. యూవీ ఆపే రకం తెప్పించుకోగలిగితే అదే మంచి ఎంపిక, పొడిగుడ్డతో రుద్దకూడదంతే. రుద్దితే గీతలు పడటమే కాదు, పుట్టే స్థిరవిద్యుత్తు పొడిరంగును పైకి లాగుతుంది. పాస్టెల్, బొగ్గు బొమ్మలకు యాక్రిలిక్ వద్దు.

నూనెరంగుల కాన్వాసు కథ వేరు. దానికి గాజు తప్పనిసరి కాదు, మూసేయడమూ అక్కర్లేదు. షాపుల్లో కాన్వాసును బిగించిన కర్ర చట్రానికే మేకు కొట్టి ఫ్రేముకు దిగ్గొడతారు. ఆ దెబ్బకే పాత రంగు రాలుతుంది. ఇత్తడి పట్టీని ఫ్రేముకు మాత్రం స్క్రూతో బిగించి, దాని కొసతో చట్రాన్ని వెనకనుంచి నొక్కి పట్టాలి. చుట్టూ 3 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి, వానల్లో చట్రం కర్ర ఉబ్బుతుంది. చట్రం మూలల లోపల, ఒక్కో మూలకు రెండు చొప్పున, చిన్న చెక్క చీలలు ఉంటాయి. వానాకాలంలో కాన్వాసు జారిందని వాటిని కొట్టి బిగిస్తే, వేసవిలో కాన్వాసుకు పట్టించిన జిగురు కుదించుకుని రంగు పగులుతుంది. ‘నైట్ వాచ్’కు సైతం ఎడమ పైమూలలో అలలు పడ్డాయి. 2022లో దాన్ని 1975 నాటి కర్ర చట్రం మీదనుంచి, వాతావరణానికి ఉబ్బని కొత్త చట్రం మీదకు మార్చారు. పగులుకూ మురికికీ తేడా తెలియాలంటే ఆ మ్యూజియం వెబ్‌సైటులో ఉచితంగా పెట్టిన 717 గిగాపిక్సెల్ ఫొటో చూడండి. 8,439 ఫొటోలు కలిపి చేసింది, ఫోనులోనే రంగు గింజల దాకా దగ్గరకు వెళ్లొచ్చు.

ఇంటికి తెచ్చాక వేలాడదీసే చోటు. నేలనుంచి మూడు నాలుగడుగుల దాకా చవుడెక్కిన గోడ, వాన కొట్టే బయటి గోడ, బాత్రూమును ఆనుకున్న గోడ పనికిరావు. గదుల మధ్య గోడే మంచిది. కింది రెండు మూలల వెనక సీసా బిరడాలు కోసి అంటిస్తే పటానికీ గోడకూ మధ్య గాలి ఆడుతుంది. షాపువాళ్లు చేయాల్సిన పనే ఇది, అడిగితే తప్ప చేయరు. దేవుడి పటమైతే గాజు మీద తడి గంధం, కుంకుమ పెట్టొద్దు. నీరు జారి కింది గాడిలోకి దిగుతుంది, ప్రింటు కింది అంచున ఎర్రటి అల ఆకారపు మరక దానివల్లే. బొట్టు ఫ్రేము కర్రకు పెట్టవచ్చు. గాజు తుడిచే మందు కూడా గుడ్డ మీద చల్లుకోవాలి, గాజు మీద కాదు.

వరదలొచ్చి పటం తడిస్తే? నీళ్లు ప్యారిస్‌లోని లూవ్ర్ మ్యూజియాన్నీ వదల్లేదు, 2025 నవంబరులో పైపు కారి ఈజిప్టు విభాగపు గ్రంథాలయంలో 300 నుంచి 400 దాకా సంపుటాలు తడిశాయి. తడిసిన పటాన్ని ఎండలో నిలబెట్టొద్దు. గాజుకు అతుక్కోనిదైతే ఫ్రేము విప్పి, ప్రింటును బొమ్మ పైకి ఉండేలా శుభ్రమైన గుడ్డ మీద పరిచి, నీడలో ఫ్యాను గాలికి ఆరనివ్వాలి. గాలి నేరుగా కాగితానికి కొట్టకూడదు. 48 గంటల్లోపు ఆరకపోతే బూజు మొదలవుతుంది.

షాపుకు ఇవ్వకూడనివీ ఉన్నాయి. రంగు పొలుసులుగా లేస్తున్న కాన్వాసు, గాజుకు అతుక్కున్న ప్రింటు, చెద తిన్న కాగితం. వీటిని ఇన్‌టాక్ (వారసత్వ సంపదను కాపాడే జాతీయ సంస్థ) సంరక్షణ కేంద్రాలకు చూపించాలి, బెంగళూరు చిత్రకళా పరిషత్తులో ఒకటుంది. తీసుకెళ్లేటప్పుడు రంగు లేచిన కాన్వాసును బొమ్మ పైకి ఉండేలా పడుకోబెట్టి, ఏదీ బొమ్మకు తగలకుండా లోతైన అట్టపెట్టెలో పెట్టాలి. గాజుకు అతుక్కున్నదాన్ని గాజు కింద ఉండేలా పడుకోబెట్టి, కింద మందపాటి దుప్పటి పరచాలి. బబుల్ షీటు బొమ్మకు నేరుగా చుట్టొద్దు. ఎండలో ఆగిన కారులో ఆ బుడగల గుర్తులు గుండ్రంగా వార్నిషు మీద దిగిపోతాయి.