టొలీడో జోన్సా, క్లీవ్‌లాండ్ జాన్సనా: ఏ మేయర్ మేలు?

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో దాదాపు ఒకే కాలంలో ఇద్దరు ధనికులు మేయర్లయి పేదల పక్షాన నిలబడ్డారు. టొలీడోలో శామ్యూల్ జోన్స్, క్లీవ్‌లాండ్‌లో టామ్ జాన్సన్.

జోన్స్ కథ చదివితే మనసు కరుగుతుంది. వేల్స్‌లో పుట్టి, పసితనంలోనే అమెరికా చేరి, చమురు బావుల్లో ఒళ్లు వంచి పనిచేసి, ఆ బావులకు కావలసిన పరికరాల ఫ్యాక్టరీ పెట్టాడు. పనివాళ్లకు 8 గంటల పని, జీతంతో కూడిన సెలవు ఇచ్చాడు. 1897లో మేయరయ్యాక పోలీసుల చేతుల్లోంచి లాఠీలు తీయించి మామూలు చేతికర్రలు ఇప్పించాడు. పోలీసు కోర్టులో తానే తీర్పరిగా కూర్చున్న రోజుల్లో, దిక్కులేక దొరికిపోయినవాళ్లను వదిలేసేవాడు. 1899లో సొంత పార్టీ టికెట్ ఇవ్వకపోతే స్వతంత్రంగా నిలబడి దాదాపు 70 శాతం ఓట్లు తెచ్చుకున్నాడు. 1904లో పదవిలో ఉండగానే పోయాడు.

జాన్సన్ దారి వేరు. అతను ట్రాముల వ్యాపారంలోనే కోట్లు గడించినవాడు. భూమి విలువ మీదే పన్ను వేయాలని వాదించిన అమెరికన్ ఆర్థికవేత్త హెన్రీ జార్జ్ రచనలు చదివి మనసు మారింది. నగరం ఇచ్చే గుత్త అనుమతుల మీద కంపెనీలు ఎలా బతుకుతాయో అతనికి లోపలి నుంచి తెలుసు. 1901లో మేయరై, 5 సెంట్ల ట్రాము చార్జీని 3 సెంట్లు చేయాలని పట్టుబట్టాడు. గుడారాలు వేయించి, పన్నుల లెక్కలు జనానికి విడమరిచి చెప్పాడు. రైల్వేలు తమ ఆస్తుల మీద ఎంత తక్కువ పన్ను కడుతున్నాయో సామాన్యుడికి అర్థమయ్యేలా చూపించాడు. పార్కుల్లో గడ్డి తొక్కరాదన్న బోర్డులు పీకించాడు (నాకు అతని మీద ప్రేమ మొదలైంది ఇక్కడే). పక్కనున్న సౌత్ బ్రూక్లిన్ గ్రామాన్ని దాని కరెంటు కేంద్రంతో సహా నగరంలో కలిపించాడు.

నా ఓటు జాన్సన్‌కే. జోన్స్ దయ గొప్పదే, కానీ అది ఆ కుర్చీలో అతను ఉన్నంతవరకే. మేయర్ తీర్పరిగా కూర్చునే అధికారాన్ని రాష్ట్ర శాసనసభ ఒక్క చట్టంతో లాగేసుకుంది. మేయర్ మంచివాడు కాకపోయినా పేదవాడికి మేలు జరిగే ఏర్పాటు కావాలి. జాన్సన్ దానికోసమే పోరాడాడు.

అందుకు మూల్యం చెల్లించాడు కూడా. 1909 ఎన్నికల్లో ఓడిపోయాడు. ఆస్తి చాలావరకు కరిగిపోయింది. 1911లో కన్నుమూశాడు. హెన్రీ జార్జ్ సమాధి ఉన్న న్యూయార్క్ శ్మశానంలోనే అతన్నీ పూడ్చిపెట్టారు. అయితే 1910లో, అతను దిగిపోయిన కొద్ది వారాలకే, ఓటర్లు ఒప్పుకున్న ట్రాముల ఒప్పందంలో చార్జీ 3 సెంట్లతో మొదలైంది. సౌత్ బ్రూక్లిన్ కేంద్రంతో మొదలైన నగరపు సొంత కరెంటు సంస్థ ఈనాటికీ క్లీవ్‌లాండ్ ఇళ్లలో దీపాలు వెలిగిస్తోంది.