చేప మేతలో బ్యాక్టీరియా పొడి: కొన్ని పంటలు వాడాక

ముందే చెప్పేస్తాను, ఇది మందు కాదు. చేప ఒంటిమీద ఎర్రమచ్చలు కనబడ్డాక వేస్తే డబ్బు అక్షరాలా నీళ్లపాలే. మచ్చ రాకముందు వేసే ఓపిక ఉన్నవాళ్లకు మాత్రం పనికొస్తుంది.

మాది కైకలూరు వైపు, చెరువుల్లో శీలావతి, బొచ్చె చేపలు వేస్తాం. ఈ పొడిని షాపుల్లో పోస్ట్‌బయాటిక్ అంటున్నారు. ప్రోబయాటిక్‌లో బ్యాక్టీరియా బతికి ఉండాలి. ఈ పొడిలో ఉండేది వేడికి చచ్చిన బాసిల్లస్, లాక్టోబాసిల్లస్ అనే బ్యాక్టీరియా కణాలు, వాటి గోడల ముక్కలు, పులిసేటప్పుడు అవి వదిలిన పదార్థాలు. రేకుల షెడ్డులో ఎండకు మగ్గినా బతికున్నాయో లేదో అన్న టెన్షన్ లేదు. నాకు బాగా నచ్చింది ఇదే.

చేప ఒంట్లోని రక్షణ కణాలు ఆ గోడల్లోని పెప్టిడోగ్లైకాన్ అనే పదార్థాన్ని పసిగట్టి, అసలు రోగక్రిమి రాకముందే చురుకవుతాయి. చలికి చేపలో యాంటీబాడీల తయారీ మందగిస్తుంది కాబట్టి ఆ రోజుల్లో భారమంతా ఈ తొలి కాపలా మీదే. అందుకే నేను చలి ముదరకముందే మొదలుపెడతాను.

అసలు ఇబ్బంది మేత దగ్గర. మా దగ్గర ఎక్కువమంది నూనె తీసిన తౌడు, నూనెగింజల చెక్క కలిపి చిల్లుల సంచుల్లో నింపి చెరువులో కడతారు. ఆ సంచిలో ఈ పొడి వేస్తే, నీళ్లు తగలగానే చిల్లుల్లోంచి ముందు బయటికొచ్చేది అదే. చేప వచ్చి మూతి పెట్టేలోపు సంచి చుట్టూ పాలలాగా తెల్లగా పరుచుకుంటుంది, గట్టు మీద నుంచే కనిపిస్తుంది. అందుకని పొడి ఇచ్చే రోజుల్లో తేలే గుళికలే వాడుతున్నాను. టార్పాలిన్ మీద గుళికలు పరిచి, చల్లారిన పల్చటి గంజిలో పొడి కలిపి చల్లి, చేత్తో తిరగేసి నీడలో ఆరనిస్తాం. వేళ్లకు జిగురు అంటకపోతే ఆరినట్టు. గంజి ఎక్కువైతే ముద్దలు కట్టి మునిగిపోతాయి. పొడి అంటించడానికి జెల్ కూడా దొరుకుతుంది గానీ గంజి చవక.

ఫలితం అంటారా, నమూనాకు వల లాగాక పొలుసు లేచిన చోట పుండు పడటం బాగా తగ్గింది. చేపపిల్ల మంచిది దొరకడం, నీరు మార్చడం కూడా కారణాలే కావచ్చు, మొత్తం మార్కులు పొడికే వేయను. చేపపేనుకు దీనితో ఏ సంబంధమూ లేదు. ముసురు పట్టి తెల్లవారుజామున చేప పైకొచ్చి నోరు తెరుస్తుంటే నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్ తిప్పాల్సిందే, పొడి డబ్బా చూసుకుంటూ కూర్చుంటే కాదు.

షాపువాళ్లు రోజూ వేయమంటారు, వాళ్ల వ్యాపారం వాళ్లది. ఆపకుండా నెలల తరబడి ఇస్తే చేప ఒళ్లు దానికి స్పందించడం తగ్గిపోవచ్చు. నేను వారం పది రోజులు ఇచ్చి, కొన్నాళ్లు ఆపి, మళ్లీ ఇస్తాను. కొనేటప్పుడు ఏ బ్యాక్టీరియా, ఎంత మోతాదు అన్నది ప్యాకెట్ మీద చూడండి. కొన్నిటి మీద కండలు తిరిగిన చేప బొమ్మ తప్ప ఏమీ ఉండదు, అవి వద్దు.

ధర తక్కువేమీ కాదు. సంచి మేత చెరువులకు ఈ పొడి వేయడం పూర్తిగా మానేశాను. ఈసారి రూప్‌చంద్ రకం చేపల చెరువులో వేద్దామనుకుంటున్నా, అక్కడ ఎటూ గుళికలే మేత.