గాదె కాచినవాడా, పొలం పంచినవాడా? స్మిత్, బ్రాడ్‌ఫర్డ్‌ల నాయకత్వం

ఉత్తర అమెరికా తూర్పు తీరంలో ఇంగ్లండువారు నిలబెట్టుకున్న తొలి వలసల్లో రెంటిని పక్కపక్కన పెట్టి చూడడం అవసరం. ఒకటి 1607లో వర్జీనియాలో వెలసిన జేమ్స్‌టౌన్, రెండవది 1620లో మేఫ్లవర్ ఓడలో వచ్చినవారు కట్టుకున్న ప్లిమత్. జేమ్స్‌టౌన్‌లో దిగిన 104 మందిలో తొమ్మిది నెలలు తిరక్కుండానే మిగిలింది నలభై మందికి లోపే. మేఫ్లవర్‌లో వచ్చిన 102 మందిలో దాదాపు సగం మంది మొదటి చలికాలంలోనే పోయారు. ఆకలీ రోగమూ రెండు చోట్లా ఒకటే కాబట్టి, 1608 సెప్టెంబరులో జేమ్స్‌టౌన్ అధ్యక్షుడైన జాన్ స్మిత్‌నూ, 1621లో జాన్ కార్వర్ మరణించాక ప్లిమత్ గవర్నరైన విలియం బ్రాడ్‌ఫర్డ్‌నూ ఒకే కొలతతో కొలవవచ్చు. నా దృష్టిలో ఆ కొలత ఒక్కటే: నాయకుడు పక్కకు తప్పుకున్న మరునాడు ఊరు తన తిండి తాను సంపాదించుకోగలదా లేదా అన్నది.

స్మిత్ లింకన్‌షైర్ రైతు కొడుకు, తూర్పు ఐరోపాలో తురుష్కులతో పోరాడిన సైనికుడు. తిరుగుబాటుకు కుట్ర పన్నాడన్న నేరం మోపడంతో వర్జీనియాకు బందీగానే వచ్చాడు. తీరా సీలు వేసిన పెట్టె తెరిచి, వలసను నడిపించిన వర్జీనియా కంపెనీవారి ఆదేశాలు చదివితే, పాలకమండలి సభ్యుల్లో ఆయన పేరూ ఉంది! ఆ వలసలో ఒళ్లు వంచి పని చేయడం ఎరగని పెద్దింటి బిడ్డలు ఎక్కువ. బంగారం దొరుకుతుందన్న ఆశతో మట్టి తవ్వి ఓడలకెత్తినవారు పొలం మాత్రం దున్నలేదు. జబ్బుపడినవారు తప్ప, పని చేయనివాడికి తిండి లేదని స్మిత్ కట్టడి చేశాడు. ఆయన పెట్టిన ఈ నియమం అందరికీ తెలిసిందే. నాకు మాత్రం 1609 వేసవికి ముందు జరిగిన ఒక సంఘటనలో ఆయన అసలు సత్తా కనిపిస్తుంది. పీపాల్లో దాచిన మొక్కజొన్న మూతలు తీసి చూస్తే సగం కుళ్లిపోయి ఉంది, మిగిలిన సగాన్ని ఓడల్లో వచ్చిన ఎలుకలు తినేశాయి. స్మిత్ జనాన్ని కోటలో కూర్చోబెట్టలేదు, ముక్కలు చేసి పంపాడు: కొందరిని ఆల్చిప్పలు దొరికే చోటికి, కొందరిని చేపలు పట్టడానికి సముద్ర ముఖద్వారానికి, ఇంకొందరిని నది ఎగువకు. స్టర్జన్ చేపను ఎండబెట్టి, దంచి, ఆకుకూరలు కలిపి రొట్టెలా చేసుకుని తిన్నారు. ఉన్నదేమిటో, లేనిదేమిటో గుర్తించి, ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకుండా నిర్ణయం తీసుకోగల మనిషికే అది సాధ్యం.

అయితే ఆ వ్యవస్థ అంతా ఒక్క మనిషి కంఠం మీద నిలబడి ఉంది. పడవలో నిద్రపోతుండగా మందుగుండు సంచి అంటుకుని ఒళ్లు కాలిన స్మిత్, 1609 శరదృతువులో ఇంగ్లండుకు తిరిగి వెళ్లిపోయాడు. ఆ చలికాలాన్ని చరిత్రకారులు ఆకలి కాలమంటారు. వసంతం వచ్చేసరికి కోటలో సుమారు 60 మంది మాత్రమే ప్రాణాలతో ఉన్నారు. ఇందుకు స్మిత్ ఒక్కడే బాధ్యుడనడం న్యాయం కాదు. ఆ ఏడు వచ్చిన ఓడల బారు తుపానులో చిక్కుకుంది, నాయకులున్న ప్రధాన నౌక బెర్ముడా దగ్గర మెరకెక్కింది. కానీ అక్కడి స్థానికులైన పౌహటన్ ప్రజలు కోటను చుట్టుముట్టి తిండి అందకుండా చేశారంటే, దానికి వెనక ఒక కథ ఉంది. అదే సంవత్సరం ఆరంభంలో వారిలో ఒపెచాంకనో అనే పెద్దను జుట్టు పట్టుకుని, గుండెకు పిస్టలు గురిపెట్టి మొక్కజొన్న రాబట్టానని స్మిత్ తానే రాసుకున్నాడు. భయపెట్టి తెచ్చిన ధాన్యం భయపెట్టే మనిషి ఉన్నంతకాలమే వస్తుంది.

బ్రాడ్‌ఫర్డ్ పద్ధతి నిదానమైనది, ఒక్కోసారి విసుగు పుట్టించేంత నిదానం. ఓడ దిగకముందే 41 మంది పురుషులు సంతకం చేసిన ఒడంబడిక ప్రకారం అధికారం అందరి అంగీకారం మీద నడవాలి. ఏటేటా ఎన్నికై, 1657లో చనిపోయేలోగా ఆయన సుమారు 30 సార్లు గవర్నరుగా ఉన్నాడు. మొదట్లో లండన్ పెట్టుబడిదారుల షరతుల మేరకు పంటంతా ఉమ్మడి గాదెలోకి చేరేది. ఎవరికీ పని మీద మనసు నిలవలేదు. 1623లో పెద్దలతో చర్చించి, కుటుంబంలోని తలలను బట్టి ఒక్కో ఇంటికి ఒక్కో చెక్క నేల సాగుకు ఇచ్చాడు. అంతకుముందు ఒంట్లో శక్తి లేదనో, చేతకాదనో పొలానికి రాని ఆడవాళ్లు, ఆ ఏడు పిల్లల్ని వెంటబెట్టుకుని విత్తనాలు నాటడానికి వచ్చారని ఆయన రాశాడు. స్మిత్ తిండి ఆపి పని చేయించాడు, బ్రాడ్‌ఫర్డ్ పని చేసినవాడికి పంట దక్కే ఏర్పాటు చేశాడు. రెండో దానికి కాపలా అక్కర్లేదు.

పొరుగువారి విషయంలోనూ ఈ తేడా ఉంది. మొదట్లో దిబ్బల్లోంచి తవ్వి తీసుకున్న నౌసెట్ ప్రజల మొక్కజొన్నకు ప్లిమత్‌వారు తరువాత పరిహారం చెల్లించారు. వాంపనోగ్ నాయకుడు మసాసోయిట్‌తో 1621లో కార్వర్ చేసుకున్న ఒప్పందాన్ని బ్రాడ్‌ఫర్డ్ బతికినంతకాలం నిలబెట్టాడు. అలాగని ఆయన చేతులు శుభ్రమని నేననను. 1623లో ప్లిమత్ సేనాని మైల్స్ స్టాండిష్ వెసగసెట్ అనే పొరుగు వలసలో స్థానికులను చంపి, ఒకరి తల తెచ్చి ప్లిమత్ కోట మీద నిలిపినప్పుడు గవర్నరు బ్రాడ్‌ఫర్డే. హాలండ్‌లోని లైడెన్‌లో ఉన్న వారి మతగురువు జాన్ రాబిన్సన్, చంపడానికి ముందు కొందరినైనా మతంలోకి తెచ్చి ఉంటే ఎంత బాగుండేదని మందలిస్తూ ఉత్తరం రాశాడు. ఆ మందలింపు బ్రాడ్‌ఫర్డ్‌కు న్యాయంగానే తగులుతుంది.

అయినా ఎంచుకోమంటే నేను బ్రాడ్‌ఫర్డ్‌నే ఎంచుకుంటాను. ఎలుకలు పట్టిన పీపా ముందు నిలబడవలసిన ఒక్క వేసవికైతే స్మిత్‌ను మించినవాడు లేడు. ఆ తరువాతి ముప్పై వేసవులకు ఆయన చాలడు. మేఫ్లవర్ యాత్రికులకు ఆ సంగతి ముందే తట్టిందో, లేక ఖర్చే కారణమో కానీ, 1614లో ఆ తీరమంతా తిరిగి న్యూ ఇంగ్లండ్ అని పేరుపెట్టిన స్మిత్ తాను వెంట వస్తానన్నా వారు ఒప్పుకోలేదు. ఆయన పుస్తకాలూ పటాలూ ఆయన కంటే చవగ్గా దొరుకుతాయన్నారట. స్మిత్ ఆ మాటను నొచ్చుకుంటూ రాసుకున్నాడు, 1631లో లండన్‌లో మరణించేదాకా వర్జీనియాను మళ్లీ చూడలేదు.