పర్లాకిమిడి అట్టపెట్టెల యూనిట్‌లో ఈఆర్‌పీనెక్స్ట్ ఎలా పనిచేస్తోందంటే

మాది ఒడిశాలోని పర్లాకిమిడిలో అట్టపెట్టెల యూనిట్, సరుకు ఎక్కువగా పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలకు వెళ్తుంది. దసరా ముందు అందరూ ఒకేసారి పెట్టెలు అడుగుతారు, ఎవరి ఆర్డర్ ముందు మిషన్ ఎక్కించాలో తెలియక ఒకటే టెన్షన్. ఆర్డర్లు, స్టాకు, తయారీ లెక్కలన్నీ చూసే ఈఆర్‌పీనెక్స్ట్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చాక ఆ గొడవ బాగా తగ్గింది. ఓపెన్ సోర్స్, లైసెన్సు ఖర్చు లేదు.

నాకు బాగా నచ్చింది ప్రొడక్షన్ ప్లాన్: వచ్చిన ఆర్డర్లన్నీ ఒకచోట చేర్చి, ఒక్కో పెట్టెకు ఎంత కాగితం, ఎంత జిగురు కావాలో మనం ముందే ఇచ్చిన లెక్క ప్రకారం స్టాకులో ఏం తక్కువ పడుతుందో చూపిస్తుంది. మిషన్ పని గంటలూ సెలవులూ ఇచ్చేస్తే సాఫ్ట్‌వేర్ ఖాళీ ఉన్న టైములో పని వేస్తుంది. మా దగ్గర అన్నిటికన్నా నెమ్మది ప్రింటింగ్ మిషనే, అందుకే ముందు దాని షెడ్యూల్ వేసి మిగతావి దాని వెనక నడుపుతాం. ఒకే సైజు ఆర్డర్లు వరసగా పెట్టుకోవడం మాత్రం మన పనే.

సెటప్ చేసినాయన జిగురు ఆరే టైము లెక్కలో వేయలేదు, పచ్చి పెట్టెలే లారీ ఎక్కాయి, చాలా బాధేసింది. దగ్గరుండి చేయించుకోండి. అన్నట్టు, రాష్ట్రం దాటే సరుకు విలువ 50 వేలు దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్లో తీసే జీఎస్టీ పత్రం) తప్పదు, లారీ బయల్దేరక ముందే తీసి పెట్టుకోండి.