ఆస్పరాగస్: నాలుగు కట్టలు కొని వండి చూశాక

మాది వెస్ట్ మారేడ్‌పల్లి. కూరగాయలకు మోండా మార్కెట్ తప్ప మరో చోటికి వెళ్లను. లేత మొలకల కాడలను కూరగా వండుకునే ఆస్పరాగస్ అక్కడ నా కంటపడలేదు. బేగంపేటలో ఒక పెద్ద దుకాణంలో, ఫ్రిజ్ అరలో దొరికింది. 200 గ్రాముల కట్ట 190 రూపాయలు.

మొదటి కట్ట మోసం చేసింది. పైకి పచ్చగానే ఉంది, రబ్బరు బ్యాండు విప్పితే లోపలి కాడల మొగ్గలు నల్లబడి జిగురు కారుతున్నాయి. అంత డబ్బు పోసి కొన్నది చెత్తబుట్టలో వేయాలంటే నిజంగా కడుపు మండింది. అందుకే ఇప్పుడు కట్టను తిరగేసి చూస్తాను. మొగ్గలు గట్టిగా ముడుచుకుని ఉండాలి, కోసిన మొదళ్లు ఎండిపోయి ఉండకూడదు. ఇంటికి తెచ్చాక మొదళ్లు కొద్దిగా కోసి, గ్లాసులో రెండు వేళ్ల నీళ్లు పోసి నిలబెట్టి ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు నవనవలాడుతూ ఉన్నాయి.

మన పిల్లిపీచర (శతావరి) దీనికి దగ్గరి చుట్టం. దాని వేళ్లు మందుకు, దీని లేత మొలకలు కూరకు.

రెండో కట్టను తోటకూర కాడల్లాంటివే అనుకుని పప్పులో వేసి కుక్కర్‌లో పెట్టాను. మూడు కూతలకు పీచూ నీళ్లూ మిగిలాయి, రంగు ఎండుగడ్డిలా మారింది. దయచేసి ఎవరూ అలా చేయకండి. ఉప్పు వేసి మరిగించిన నీళ్లలో రెండు నిమిషాలు ఉంచి, వెంటనే చల్లటి నీళ్లలో వేస్తే ఆ పచ్చదనం అలాగే నిలుస్తుంది. పైన నువ్వుల పొడి చల్లితే బాగుంటుంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఇనుప పెనం మీద చేసింది. కాడను రెండు చేతులతో వంచితే ముదురు భాగం దగ్గర టక్కున విరుగుతుంది. లేత భాగాన్ని తడి లేకుండా తుడవాలి. పెనం బాగా కాలాక చెంచా నూనె వేసి, కాడలను ఒకే వరుసలో పరచాలి. మూత పెట్టకూడదు, పెడితే ఆవిరికి మెత్తబడతాయి. నాలుగైదు నిమిషాల్లో అక్కడక్కడా గోధుమరంగు మచ్చలు పడి, మొగ్గలు కరకరలాడతాయి. చివర్లో దంచిన వెల్లుల్లి, ఎండుమిర్చి, ఉప్పు. నిమ్మరసం మాత్రం దించాకే పిండాలి, పులుపు తగిలి వేడి మీద ఉంటే ఆకుపచ్చ రంగు మాసిపోతుంది. రుచి పచ్చిబఠాణీకి దగ్గరగా, చివర్లో చిరుచేదుతో ఉంటుంది.

ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర పది పన్నెండు నిమిషాలు పెట్టాను. లావు కాడలు బాగా వచ్చాయి, సన్నవి వడలిపోయాయి.

ముదురు మొదళ్లను పారేయకుండా చారు నీళ్లలో ఉడికించి తీసేశాను, మంచి వాసన పట్టింది. తిన్నాక మూత్రం ఘాటుగా వాసన వస్తే కంగారు పడవద్దు. ఇందులోని గంధకపు పదార్థాల వల్లే అది, హాని లేదు.

రుచికి అయిదుకు నాలుగు ఇస్తాను. ధరకు రెండే, ఎందుకంటే కట్టలో పావు వంతు మొదళ్లకే పోతుంది. మా అత్తగారు మొగ్గలు మాత్రం ఏరుకుని పెరుగన్నంలో నంజుకున్నారు. శనివారం మళ్లీ తెమ్మన్నారు, ఈసారి ఆవిడ కోసం మొగ్గలన్నీ విడిగా వేయించాలి.